బోర్లించిన చెంబులో తల

మా బెళుగుప్పకు ఏ సముద్రం దగ్గర అని అడిగితే చటుక్కున చెప్పలేం. పటం మీద స్కేలు పెట్టి చూస్తే పడమర కార్వార్ తీరం, తూర్పున నెల్లూరు జిల్లా తీరం ఇంచుమించు సమాన దూరంలో ఉంటాయి. ఎటు పోయినా 300 కిలోమీటర్లకు పైనే. వానదేవుడు కూడా మమ్మల్ని అలాగే నడిమధ్యన వదిలేశాడు. అటు మేఘాలు కనుమల దగ్గరే కురిసి వట్టిపోతాయి, ఇటు మేఘాలు ఇక్కడిదాకా రావడానికి బద్ధకిస్తాయి.

అలాంటి ఊళ్ళో ఒకరోజు సముద్రం అడుగున తీసిన ఫొటో చేతులు మారింది. మా వీధి టీచరు దంపతులు ఎల్‌టీసీ మీద అండమాన్ వెళ్ళొచ్చారు. ఫొటోలో ఇద్దరూ గాజు కిటికీ ఉన్న పెద్ద తెల్లటి హెల్మెట్లు పెట్టుకుని ఇసుక మీద నిలబడి ఉన్నారు. చుట్టూ చారల చేపలు. ఆయనకు కళ్ళజోడు అలాగే ఉంది. ఆమె నుదుట బొట్టు చెదరలేదు.

ఎదురింటి అవ్వ ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇరవై అడుగుల నీళ్ళల్లో ఉంటే తల తడవలేదేమే?" అంది.

"దానికి కింద మూత కూడా లేదవ్వా. భుజాల మీద ఊరికే పెట్టినారు," అంది టీచరమ్మ.

అవ్వ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పూ లేదు. మెడ దగ్గర బిగింపు లేదు, రబ్బరు పట్టీ లేదు, చెయ్యి లోపలికి పెట్టి ముక్కు గోక్కోవచ్చు. అయినా నీళ్ళు గడ్డం కిందే ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తెలుసుకోవడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. చెంబు, ఫుట్‌వాల్వు, బోరు బండి కంప్రెషరు చాలు. మూడూ మా దగ్గర దండిగా ఉన్నాయి.

ఖాళీ చెంబు ఖాళీ కాదు

చెంబును తిన్నగా బోర్లించి నీళ్ళ తొట్లోకి అదిమితే చెయ్యి కింద ఏదో ఎదురు తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ ఎదురు తిరిగేది గాలి. అది బయటికి పోవాలంటే పైకి పోవాలి, పైన చెంబు అడుగు అడ్డం. కిందికి పోదామంటే నీళ్ళకంటే తేలిక, పోలేదు. గాలి కదలకపోతే నీళ్ళకు చోటు ఎక్కడిది? సముద్రపు అడుగున నడిపించే హెల్మెట్టు ఇదే చెంబు. అందులో తల పెడతారు, అంతే.

కానీ చెంబును ఇంకా లోతుకు తీసుకెళ్తే చిక్కు మొదలవుతుంది. నీటి బరువు గాలిని నొక్కుతుంది. గాలి స్పాంజి లాంటిది, నొక్కితే కుదించుకుంటుంది. 10 మీటర్ల లోతుకు చేరేసరికి చెంబులో గాలి సగమే మిగులుతుంది, మిగతా సగం నీళ్ళు ఆక్రమిస్తాయి. ఎంత నొక్కితే ఎంత కుదించుకుంటుందో రాబర్ట్ బాయిల్ 1662లోనే లెక్క కట్టి ప్రకటించాడు. కాబట్టి బోర్లించిన చెంబు ఒక్కటే చాలదు. లోతుకు పోయేకొద్దీ కుదించుకున్న గాలికి తోడు పైనుంచి కొత్త గాలి పోస్తూ ఉండాలి.

▣ ఇంట్లో చేసి చూడండి
గాజు గ్లాసు అడుగున కాగితం ఉండ కుక్కండి. గ్లాసును తిన్నగా బోర్లించి బకెట్ నీళ్ళలో ముంచి, అంతే తిన్నగా తీయండి. కాగితం పొడిగానే ఉంటుంది. రెండోసారి ముంచినప్పుడు కొబ్బరిబోండాం స్ట్రా ఒకటి వంచి గ్లాసు లోపలికి పెట్టి ఊదండి. గ్లాసు నిండా గాలి ఉంటే ఎంత ఊదినా మిగులు గాలి అంచు కింద నుంచి బుడగలుగా పోతుంది, నీటి మట్టం అంచు దగ్గరే నిలుస్తుంది. మూడోసారి గ్లాసును కొంచెం వంచండి. ఒక పెద్ద బుడగ తప్పించుకుంటుంది, నీళ్ళు పైకి లేస్తాయి. హెల్మెట్టు తయారుచేసేవాళ్ళ తలనొప్పి అంతా ఈ మూడో ప్రయోగంలోనే ఉంది.

మోటారు బావిలోకి ఎందుకు దిగింది

ఒత్తిడి సంగతి మా రైతులకు పాఠం చెప్పాల్సిన పని లేదు. బావి గట్టు మీద మోటారు పెట్టి నీళ్ళు లాగాలంటే మట్టం 25 అడుగుల లోపు ఉండాలి. అంతకంటే దిగితే మోటారు ఎంత పెద్దదైనా నీళ్ళు ఎక్కవు. అందుకే నీటి మట్టం దిగేకొద్దీ బావిలో గూడు తొలిచి మోటారునూ కిందికి దించుతూ పోయారు. బావులు ఎండాక బోర్లు వచ్చాయి, మోటారు ఏకంగా నీళ్ళలోకే వెళ్ళిపోయింది.

కారణం ఏమిటంటే, మోటారు నిజానికి నీటిని లాగదు. పైపులో గాలిని తీసేస్తుంది. బయట ఉన్న గాలి, అంటే మన నెత్తి మీద ఉన్న వాతావరణమంతా, బావి నీటిని నొక్కి పైపులోకి ఎక్కిస్తుంది. ఆ నొక్కుడు ఎంత బలంగా ఉన్నా 10 మీటర్ల నీటి స్తంభాన్ని మించి నిలబెట్టలేదు. పైపు రాపిడి, వాషర్ల సందులు పోను చేతికొచ్చేది 25 అడుగులు.

ఇదే లెక్కను తిరగేస్తే సముద్రం కథ. 10 మీటర్ల నీళ్ళు మొత్తం వాతావరణమంత బరువు వేస్తాయి. టీచరు దంపతులు నిలబడిన చోటు సుమారు 6 మీటర్ల లోతు. అక్కడ వాళ్ళ మీద ఉన్న ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి 1.6 రెట్లు.

అలాంటప్పుడు సినిమాల్లో దొంగ వెదురు గొట్టం నోట్లో పెట్టుకుని చెరువు అడుగున దాక్కోవడం ఎంతవరకు నిజం? జానెడు లోతులో నిజమే. మీటరు లోతుకు పోతే రొమ్ము మీద రెండు వేరుశనగ బస్తాలు పెట్టినంత బరువు పడుతుంది. గొట్టంలో వచ్చే గాలికేమో ఒడ్డున ఉన్న ఒత్తిడే. ఆ బస్తాలను ఎత్తుతూ ఊపిరి పీల్చడం మన కండరాల వల్ల కాదు. గాలిని మనం లాక్కోకూడదు, అదే బలంగా మన దగ్గరికి రావాలి. బోరు వేశాక కంప్రెషరుతో గాలి కొట్టి వందల అడుగుల లోతు నుంచి బురద నీటిని ఆకాశానికి చిమ్మించడం చూసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. హెల్మెట్టుకు అంత బలం అక్కర్లేదు. 6 మీటర్ల లోతుకు గాలి దించాలంటే బైకు టైరుకు కొట్టే ఒత్తిడిలో మూడో వంతు చాలు.

పొగలో పుట్టి నీళ్ళలోకి దిగింది

ఈ హెల్మెట్టు మొదట నీటి కోసం పుట్టలేదు. ఇంగ్లండులో చార్లెస్ డీన్ అనే ఆయన 1823లో పొగ హెల్మెట్టుకు పేటెంటు తీసుకున్నాడు. మంటలు అంటుకున్న చోటికి మనిషి వెళ్ళేందుకు, బయటినుంచి తిత్తులతో గాలి కొట్టే రాగి టోపీ అది. కొన్నేళ్ళకు ఆయనా, తమ్ముడు జాన్ కలిసి దాన్నే నీళ్ళలోకి దించారు. అడుగు తెరిచి ఉన్న హెల్మెట్టు, భుజాల మీద బరువు, పైనుంచి గాలి. మన టీచరమ్మ పెట్టుకున్నది అచ్చం ఇదే. మునిగిపోయిన ఓడల్లోంచి ఫిరంగులు పైకి తెచ్చి డీన్ సోదరులు పేరు గడించారు.

కానీ ఓడ శిథిలాల్లో పని అంటే వంగాలి, పాకాలి, ఒక్కోసారి బోర్లా పడతాం. మనిషి పడితే చెంబు వంగినట్టే. గాలి మొత్తం ఒక్క బుడగగా పోయి తల నీళ్ళలో ఉంటుంది. అందుకే 1830ల చివరికల్లా ఆగస్టస్ సీబె హెల్మెట్టును నీరు చొరని దుస్తులకు బిగించేశాడు. వృత్తి ఈతగాళ్ళు ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఆ మూసిన హెల్మెట్టుతోనే బతికారు. తెరిచిన హెల్మెట్టు మూలన పడింది.

పనికిరాదని పక్కన పెట్టిన ఆ నమూనాయే విహారానికి వచ్చినవాళ్ళకు సరిగ్గా సరిపోయింది. నా దృష్టిలో ఈ కథలో అందమంతా ఇక్కడే ఉంది. మూసిన హెల్మెట్టు నేర్పరి చేతిలో గొప్ప పనిముట్టు, తెలియనివాడి తల మీద ప్రమాదం. అందులో గాలి ఎక్కువైతే దుస్తులు బూరలా ఉబ్బి మనిషి అదుపు లేకుండా పైకి ఎగిరిపోతాడు. తక్కువైతే నీటి ఒత్తిడి ఒంటిని నలిపేస్తుంది. ఎప్పటికప్పుడు కవాటం తిప్పుతూ ఉండాలి. తెరిచిన హెల్మెట్టుకు ఇవేవీ అక్కర్లేదు. గాలి ఎక్కువ వస్తే అంచు కింద నుంచి తనంతట తానే పోతుంది. 2 మీటర్ల లోతులోనైనా, 6 మీటర్ల లోతులోనైనా నీటి మట్టం ఒక్కచోటే, తేలే బలం ఒక్కటే. అన్నీ చెడినా తల కిందికి లాక్కుంటే హెల్మెట్టులోంచి బయటపడిపోతాం. విప్పాల్సిన మర ఒక్కటీ లేదు. ఈత రానివాడు, నిన్న రాత్రే హోటల్లో దిగినవాడు, పది నిమిషాల శిక్షణతో నీళ్ళలోకి దిగాలంటే ఇంత మొండి సరళత కావాలి.

సెంటీమీటరుకో కిలో

ఇక వడ్రంగి లెక్క. హెల్మెట్టు లోపల రెండు బిందెల నీళ్ళు పట్టేంత చోటు, అంటే సుమారు 30 లీటర్లు, ఉందనుకుందాం. లీటరు నీటిని పక్కకు నెడితే కిలో బలం పైకి తోస్తుంది. అంటే ఈ హెల్మెట్టు 30 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. దాన్ని భుజాల మీద కూర్చోబెట్టాలంటే అంతకంటే నాలుగైదు కిలోలు ఎక్కువే బరువుండాలి. అందుకే ఒడ్డున చూస్తే ఈ హెల్మెట్లు 30 కిలోలు దాటుతాయి. సిమెంటు మూటలో సగానికి పైనే! నీళ్ళలో మాత్రం భుజాల మీద చంటిపిల్ల కూర్చున్నట్టే ఉంటుంది. చంటిపిల్లకు సముద్రం, చెరువు తేడా కూడా ఉంది. ఉప్పు నీరు మంచినీటి కంటే బరువు కాబట్టి, మా జీడిపల్లి రిజర్వాయరులో సరిచూసిన హెల్మెట్టు అండమాన్‌లో సుమారు ముప్పావు కిలో తేలికవుతుంది.

ఆ బరువు ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. గాలి పైన, సీసం కింద ఉండాలి. తలకిందులు చేసినా లేచి నిలబడే బొమ్మ మన ఇళ్ళలో ఉంటుందే, అదే సూత్రం. బరువు పైన పెట్టారంటే హెల్మెట్టు తలను పక్కకు లాగేస్తుంది, మెడ నరాలు పట్టేస్తాయి.

అసలు పేచీ అంచు దగ్గర. మనిషి కొద్దిగా వంగినా నీళ్ళు మూతికి తగలకూడదంటే అంచును వీలైనంత కిందికి దించాలి. అంచు 34 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా ఉందనుకుంటే, ఒక్క సెంటీమీటరు దించితే దాదాపు లీటరు గాలి పెరుగుతుంది. ఒక కిలో సీసం అదనంగా పెట్టాలి. పది సెంటీమీటర్ల భరోసా కావాలంటే తొమ్మిది కిలోలు. పడవలో ఆ బరువును ఎత్తి పెట్టేవాడి నడుము సంగతీ చూడాలి కదా.

దీనికో ఉపాయం ఉంది. గాలి ఎప్పుడూ అంచులో అన్నిటికంటే ఎత్తైన చోటు నుంచే తప్పించుకుంటుంది. గుండ్రటి సాదా అంచైతే మనిషి 30 డిగ్రీలు ముందుకు వంగినప్పుడు వీపు వైపు అంచు లేచి, గడ్డం వైపు అంచు నీటిలోకి 17 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే నీళ్ళు పెదాల దాకా. అలా కాకుండా భుజాల దగ్గర అంచును ఎత్తుగా కోసి, ముందూ వెనకా పలకల్లా కిందికి జార్చితే? ముందుకు వంగినా వెనక్కి వాలినా భుజాల ఎత్తు పెద్దగా మారదు. తక్కెడ ఊగినా మధ్యలో ముల్లు ఉన్నచోటే ఉన్నట్టు. గాలి పోయే దారి ఆ ముల్లు దగ్గర పెట్టడమే నేర్పు. చొక్కా కుట్టే దర్జీకి భుజం కోత ఎంత ముఖ్యమో, ఇక్కడా అంతే.

సముద్రంలో ఫుట్‌వాల్వు

కరెంటు పోతే పైపులో నీళ్ళు మళ్ళీ బావిలోకి జారిపోకుండా అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. నీటిని ఒక్క దారినే పోనిస్తుంది. అందులో చెత్త ఇరుక్కుంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి బావిలో మునిగి తీయాల్సిందే. ఆ పని చేసిన పెద్దాయన ఒకరు మా ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు: "మోటారుది ఏముందప్పా, ఉండేదంతా ఆ వాల్లోనే."

హెల్మెట్టు విషయంలోనూ ఆయన మాటే నిజం. గాలి గొట్టం హెల్మెట్టులోకి చేరే చోట ఇలాంటి ఒకదారి వాల్వు ఉండి తీరాలి. పైన పడవ దగ్గర గొట్టం తెగిందనుకోండి. లోపలి గాలి ఒత్తిడి 1.6 రెట్లు, పైన 1. వాల్వు లేకపోతే హెల్మెట్టులో గాలంతా గొట్టం గుండా పైకి పరుగెత్తుతుంది, కింద నుంచి నీళ్ళు కళ్ళదాకా వస్తాయి. వాల్వు ఉంటే ఉన్న గాలి ఉన్నట్టే నిలుస్తుంది. ఆ గాలి ఒకటి రెండు నిమిషాలకు సరిపోతుంది. పక్కనే సిలిండరు తగిలించుకుని ఈదే సహాయకుడు వచ్చి మెట్ల దాకా నడిపించడానికి అది చాలు. గొట్టం పొడవు కూడా ఒక కాపలాయే. కట్టేసిన దూడ పలుపు దాటి పోలేనట్టు, 6 మీటర్లకు కొలిచిన గొట్టంతో ఎవరూ 15 మీటర్ల లోతుకు పోలేరు.

ఎంత గాలి, ఎలాంటి గాలి

హెల్మెట్టులో ఆయాసం వస్తే గాలి అందడం లేదనుకుంటాం. చాలాసార్లు అది ప్రాణవాయువు కరువు కాదు, మనం వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం. 1900ల మొదట్లో బ్రిటిష్ నౌకాదళం కోసం పరిశోధించిన జాన్ స్కాట్ హాల్డేన్ ఈ గుట్టు విప్పాడు. ఈతగాడు పనిలో అలసిపోవడానికి కారణం కండలు కాదు, చాలని గాలి అన్నాడు. ఆయన లెక్క ప్రకారం, ఉన్న లోతులోని ఒత్తిడి దగ్గర కొలిస్తే నిమిషానికి 42 లీటర్ల గాలి హెల్మెట్టును కడుగుతూ ఉండాలి. 6 మీటర్ల లోతులో 42 లీటర్లంటే ఒడ్డున సుమారు 67 లీటర్లు. ఆరుగురు దిగితే నిమిషానికి రెండు పెద్ద డ్రమ్ముల గాలి. హెల్మెట్టు అంచు కింద ఎడతెగకుండా బుసబుసలాడే బుడగలు వృథా అనిపిస్తాయి గానీ, చెత్తను ఊడ్చుకుపోతున్న చీపురు అది. (లోతులోంచి పైకి ఎంత నిదానంగా రావాలో తేల్చడానికి హాల్డేన్ బృందం మేకలను ఇనప గదిలో పెట్టి పరీక్షించింది. ఫలితాలు పట్టికలుగా 1908లో అచ్చయ్యాయి. 6 మీటర్ల నడకకు ఆ పట్టికలతో పని పడదు.)

ఒత్తిడి సరిపోయింది కదా అని పంక్చరు షాపు కంప్రెషరు తెచ్చి తగిలించకూడదు. అందులో నూనె ఆవిరి కలుస్తుంది. పెట్రోలు ఇంజను పొగ గాలి పీల్చే మూతి దగ్గరికి వచ్చిందంటే ఇంకా ఘోరం. వాసన లేని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన పీట మీద తాను కూర్చుంటుంది. లోతు బావిలో ఆయిల్ ఇంజను నడిపి, తర్వాత దిగినవాళ్ళు దిగినట్టే కూలిపోవడం మన పల్లెలకు తెలిసిన విషాదమే. అందుకే కంప్రెషరు మూతిని పొగ గొట్టానికి దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టాలి. ఊపిరికి పనికొచ్చే వడపోతలు ఉండాలి. ఇంజను ఆగినా కొంతసేపు గాలి పంపేలా మధ్యలో నిల్వ ట్యాంకు, పక్కన సిద్ధంగా సిలిండరు ఉండాలి. హెల్మెట్టు ఎంత మెరుస్తోందో చూసేవాళ్ళే అందరూ. నేనైతే పడవ మీద ఆ మూతి ఎటు తిరిగి ఉందో చూస్తాను.

పలుచటి అద్దం

సముద్రం అడుగున అద్దమంటే అంగుళాల మందం ఉండాలనిపిస్తుంది. అక్కర్లేదు. బయట నీరు ఎంత నొక్కుతుందో లోపల గాలీ దాదాపు అంతే నొక్కుతుంది. అద్దానికి దెబ్బ తగిలితే పగలకుండా ఉంటే చాలు. అసలు సమస్య ఆవిరి. వెచ్చని ఊపిరి చల్లటి అద్దం మీద మంచులా పడుతుంది. దానికి పాత రాగి హెల్మెట్లవాళ్ళే దారి చూపారు. లోపలికి వచ్చే గాలిని చీల్చి నేరుగా అద్దాల మీదుగా పారించేవారు. చొక్కా తడి ఫ్యాను కింద ఆరినట్టు అద్దం తేటగా ఉంటుంది. గాలి హోరు చెవిలో పడకుండా దారి మళ్ళించడం దీనికి తోడు పని.

నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది కాబట్టి చదును అద్దంలోంచి చేప అసలు కంటే మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. పట్టుకోబోయి ఖాళీ నీటిని పట్టుకుంటారు. టీచరు గారు చెప్పిన చేప సైజును ఆ మేరకు తగ్గించుకోవాలి.

▣ చెవి, ఊపిరి
దిగేటప్పుడు మొదటి రెండు మీటర్లలోనే చెవిలో పోటు మొదలవుతుంది. కర్ణభేరి బయట ఒత్తిడి పెరిగింది, లోపల పెరగలేదు. ముక్కు మూసి మెల్లగా ఊదితే గొంతు వెనక దారి తెరుచుకుని సర్దుకుంటుంది. ఇక్కడే తెరిచిన అంచు అక్కరకొస్తుంది. చెయ్యి లోపలికి పెట్టి ముక్కు మూసుకోవచ్చు. జలుబు ఉన్నవాళ్ళకు ఆ దారి తెరుచుకోదు, వాళ్ళు దిగకూడదు.
ఎక్కేటప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. 6 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన ఊపిరి పైకి వచ్చేసరికి 1.6 రెట్లు అవుతుంది. ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. మునగడమంటే ఊపిరి బిగబట్టడమే అని బావి ఈత నేర్పిన పాఠం ఇక్కడ ప్రాణాంతకం. హెల్మెట్టు వదిలి పైకి రావాల్సి వస్తే ఊపిరి వదులుతూనే రావాలి.

ఎర్ర ఇరవై నోటు మీద ఊరు

మన కోస్తాలో ఈ నడక ఎందుకు ఊపందుకోలేదంటే ప్రధానంగా నీటి రంగు వల్ల. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు, అలల తాకిడి కలిసి అడుగును కనపడనివ్వవు. విశాఖ రుషికొండ దగ్గర స్కూబా చేసేవాళ్ళు ఉన్నారు గానీ, ఒకచోట నిలబడి చుట్టూ చూసే నడకకు తేట నీరు, అలల మరుగు కావాలి. ఆ రెండూ అండమాన్‌లోని నార్త్ బేలో ఉన్నాయి. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్ల మధ్య కనిపించే తీరం అదే. అక్కడ నడిచేవాళ్ళను పగడాల మీదికి వదలకుండా ఇసుక ఉన్న చోటే తిప్పడం కూడా రూపకల్పనలో భాగమే. ఏళ్ళ తరబడి పెరిగిన పగడపు కొమ్మ ఒక్క అడుగు కింద పొడి అవుతుంది.

ఆ దీవుల్లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. టీచరమ్మను నిచ్చెన దగ్గర నిలబెట్టిన మనిషిదీ ఆ వైపు మాటే. మెడ లోతు నీళ్ళు వచ్చేదాకా ఆమెను నిచ్చెన దించి, అప్పుడు పైనుంచి ఇద్దరు హెల్మెట్టును ఎత్తి తల మీదుగా దించారట. "బరువు తెలీదమ్మా, ఇంకో రెండు మెట్లు దిగండి. ఊపిరి మాత్రం ఆపకండి," అన్నాడట. రెండు మెట్లు దిగేసరికి భుజాల మీది బండ ఎవరో తీసేసినట్టు మాయమైంది.

"ఎక్కేటప్పుడు?" అని అడిగింది అవ్వ.

"ఎక్కేటప్పుడు నేను తొందరపడి ఒక మెట్టు ఎక్కువ ఎక్కేసినా," అంది టీచరమ్మ భుజం తడుముకుంటూ. "హెల్మెట్టు మీంచి నీళ్ళు ఇంకా దిగలేదు, బరువు అంతా ఒక్కసారి దిగింది."